కాలేజీ ఫెస్టు భోజనాలకి అద్దె స్టీలు కంచాలు: విజయవాడ టెంట్‌హౌస్ సేవపై సమీక్ష

ఫెస్టు రోజు మధ్యాహ్నం మూడింటికి గ్రౌండు వెనక్కి ఒకసారి వెళ్ళి చూస్తే చాలు, ఆ కాలేజీ విద్యార్థి సంఘంలో పర్యావరణ కార్యదర్శి పదవి పేరుకే ఉందో, పనికొచ్చేలా ఉందో తెలిసిపోతుంది. సాంబారు కారుతున్న పేపరు ప్లేట్లు, సగం తిని పారేసిన బిర్యానీ, చెంచాలు, వాటర్ ప్యాకెట్లు అన్నీ ఒకే కుప్ప. ఒకసారి కలిసిపోయాక దాన్ని వేరుచెయ్యడం ఎవరి తరమూ కాదు. ఆవులు కెలుకుతాయి, గాలి లేస్తే సగం పక్కనున్న కాలవలో తేలుతుంది. బందరు, రైవస్, ఏలూరు కాలవల గట్టున బతికే ఊరు మనది. నీళ్ళకి దారి దొరక్కపోతే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో బుడమేరు ఇళ్ళలోకి వచ్చినప్పుడు కళ్ళారా చూసిన ఊరు.

ఆ కుప్ప అసలు పుట్టకుండా చెయ్యగల సేవ ఎప్పట్నించో పేట పేటకీ ఉంది. పెళ్ళిళ్ళకి షామియానాలు, కుర్చీలు, గుండిగలు అద్దెకిచ్చే టెంట్‌హౌస్‌లు. మొగల్రాజపురం, సత్యనారాయణపురం, భవానీపురం, పటమట, ఎక్కడ చూసినా ఒకటుంటుంది. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేటల్లోనూ అంతే. వీటిలో ఏ ఒక్క దుకాణాన్నో పట్టుకుని రాసే సమీక్ష కాదిది, పనితీరు దాదాపు అన్నిచోట్లా ఒకటే. ఐదుకు మార్కులు వెయ్యమంటే కంచాలకి నాలుగున్నర, గ్లాసులకి మూడు, కడుగుడు ఏర్పాటుకి రెండు. ఆ రెండుని నాలుగు చెయ్యడమే కార్యదర్శి పని, అందుకే ఇక్కడ ఎక్కువ మాట దాని గురించే.

ముందు బుకింగ్. ఫెస్టు తేదీ ఖాయం చేసేముందు పంచాంగం చూడండి. శ్రావణంలోనో మాఘంలోనో గట్టి ముహూర్తం ఉన్న రోజుకి ఫెస్టు పెట్టుకుంటే కంచాలన్నీ కల్యాణ మండపాల్లో ఉంటాయి. అడ్వాన్సు తీసుకుని కూడా ఆఖరి రోజు సగమే పంపుతారు, లేదా ముందురోజు రాత్రి పెళ్ళిలో తిన్నవి సరిగ్గా కడగకుండా ఆటో ఎక్కిస్తారు. మూఢంలో, ఆషాఢంలో అయితే అడిగినన్ని దొరుకుతాయి, అద్దె దగ్గర బేరమూ కుదురుతుంది. తేదీ మార్చే వీలు లేకపోతే కనీసం నెల ముందు అడ్వాన్సు ఇచ్చి, ఎన్ని కంచాలు, ఏ రకం, ఎన్నింటికి గేటు దగ్గరుండాలి అన్నవి చీటీ మీద రాయించుకోవాలి. నోటిమాటగా అనుకుంటే 'కంచాలు' అన్న మాటకి పెద్ద కంచమూ టిఫిను పళ్ళెమూ రెండూ వస్తాయి.

రకం సంగతి. గళ్ళ కంచం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నిలబడి తినే బఫేలో పులుసు వెళ్ళి స్వీటులో కలవదు. కానీ గళ్ళ మూలల్లో నూనె పట్టేసి ఒక్కోదానికి రెట్టింపు సమయం పడుతుంది. మూడొందల మంది దాటిన భోజనానికి అంచు ఎత్తుగా ఉన్న 12 అంగుళాల మామూలు కంచమే మేలు. సరుకు చూడ్డానికి వెళ్ళినప్పుడు దొంతర పైనున్నవి చూసి సరే అనేయకండి. మధ్యలోంచి పది తీయించండి. కంచం తిరగేసి, అంచు లోపలికి మడిచిన చోట చూపుడువేలు చుట్టూ తిప్పండి. వేలికి నల్లటి జిడ్డు గీత అంటుకుందంటే ఆ దొంతరంతా మళ్ళీ కడగాల్సిందే. అంచు చిట్లినవి పక్కన పెట్టించండి, నాలుక కాదుగానీ వేళ్ళు తెగుతాయి, ముఖ్యంగా కడిగేవాళ్ళవి. గ్లాసులకి మూడే మార్కులు వెయ్యడానికి కారణం కూడా ఈ మడతే. పెదవి తగిలేచోటే మురికి దాక్కుంటుంది, పీచు అందులోకి దూరదు. మడత లేకుండా నున్నగా సాన పట్టిన అంచు గ్లాసులు కొన్ని దుకాణాల్లో ఉంటాయి, అడిగితే ఇస్తారు.

ఐదొందల మందికి లెక్క ఇలా వేసుకోండి. అక్కడికక్కడే కడిగి తిప్పే ఏర్పాటుంటే 300 కంచాలు సరిపోతాయి, లేకపోతే 550 కావాలి. గ్లాసులు 700, ఎందుకంటే మనిషి ఒక గ్లాసు ఎక్కడో పెట్టి మర్చిపోయి ఇంకోటి తీసుకుంటాడు. చెంచాలు అద్దెకి తీసుకోవద్దని గట్టిగా చెబుతాం. అన్నిటికన్నా ఎక్కువ పోయేవి అవే, ఎంగిలితోపాటు డ్రమ్ములో పడితే కనిపించవు. అన్నం భోజనం చేత్తోనే తింటారు. చెంచా కావాల్సిన ఐస్‌క్రీమూ, గులాబ్‌జామూ మెనూలోంచి తీసేసి లడ్డూ, మైసూరుపాకు పెడితే ఆ సమస్యే ఉండదు. మంచినీళ్ళకి మనిషికి ముప్పావు లీటరు చొప్పున 375 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 19. ఎండల్లో అయితే 25 తెప్పించండి. ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకోమని హాల్‌టికెట్టు మీద రాసినంత స్పష్టంగా పాసు మీదే అచ్చు వేయిస్తే గ్లాసులు 400కి దిగుతాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. చాలామంది క్యాటరర్లు ఖర్చయిన ప్లేట్ల లెక్కమీదే బిల్లు వేస్తారు. పారేసే ప్లేటయితే కట్టలు లెక్కపెట్టి ఇంతమంది తిన్నారు అంటారు. కంచం కడిగి మళ్ళీ బల్ల మీదికి వస్తే ఆ లెక్క పోతుంది. అందుకే స్టీలు అనగానే 'కుదరదండీ, మా దగ్గర ప్లేట్లున్నాయి' అని అడ్డం తిరుగుతారు. పర్యావరణం మీద కోపమేమీ లేదు వాళ్ళకి, మనుషుల లెక్క తేలదన్న భయం. రెండు రంగుల టోకెన్లు అచ్చు వేయించి, కంచం ఇచ్చేచోట టోకెను తీసుకుని డబ్బాలో వేయిస్తే ఇద్దరికీ లెక్క తేలుతుంది. ఈ ఒప్పందం అడ్వాన్సు ఇచ్చేముందు జరగాలి. తర్వాతైతే క్యాటరర్ తన ప్లేట్లు తను తెచ్చేస్తాడు, అద్దె కంచాలు దొంతరలోనే ఉండిపోతాయి.

ఇక కడుగుడు. టెంట్‌హౌస్ కంచాలిస్తుంది, కడిగి ఇవ్వడం మన పూచీ. కడిగే మనుషుల్ని వాళ్ళే పంపుతామంటే కూడా ఎంతమంది, ఎన్ని గంటలు అన్నది మనమే తేల్చుకోవాలి. చోటు ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది. కొళాయికి దగ్గరగా, నీడలో, వాలు డ్రైనేజీ వైపు ఉన్న సిమెంటు గచ్చు కావాలి. పచ్చిక మీద పెడితే అరగంటలో బురదవుతుంది, మనుషులు జారిపడతారు.

60 లీటర్ల టబ్బులు ఐదు, ఒక్కోదాంట్లో 50 లీటర్ల నీళ్ళు. మొదటిదాని కంటే ముందు ఎంగిలి డ్రమ్ము, అక్కడ ఒక మనిషి చేత్తో కంచంలోది తుడిచి వెయ్యాలి. కంచాన్ని డ్రమ్ము అంచుకేసి కొట్టే అలవాటు మాన్పించాలి, సొట్టలన్నీ అక్కడే పడతాయి. మొదటి టబ్బు నానబెట్టడానికి. మన ఎండకి పప్పు, పులుసు ఇరవై నిమిషాల్లో గట్టిపడతాయి, ఎండిన కంచానికి నాలుగు రెట్లు రుద్దుడు. రెండోది సబ్బు నీళ్ళు. స్టీలు పీచు వాడితే గీతలు పడి తర్వాత ఆ గీతల్లోనే జిడ్డు నిలుస్తుంది, కొబ్బరి పీచు గానీ నైలాను పీచు గానీ ఇవ్వండి. మూడు, నాలుగు జాడింపుకి. ఐదోది బ్లీచింగు నీళ్ళు.

ఈ ఐదో టబ్బు దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. గుప్పెడు పొడి తెచ్చి నేరుగా కుమ్మరిస్తే కంచాల మీద సున్నపు మచ్చలు పడతాయి, అన్నం క్లోరిను వాసన వేస్తుంది. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగు పొడి 50 లీటర్లకి 17 గ్రాములు చాలు, లీటరుకి 100 మిల్లీగ్రాముల క్లోరిను వస్తుంది. ఆ పొడిని చెంబుడు నీళ్ళలో కలిపి పది నిమిషాలు తేరనిచ్చి, పైన తేటనీళ్ళే టబ్బులో పొయ్యాలి. కంచం ఒక నిమిషం మునిగితే సరిపోతుంది. ఎక్కువసేపు ఉంచితే స్టీలు మీద తుప్పు చుక్కలు లేస్తాయి. ప్యాకెట్టు విప్పి నెల దాటిన పొడిలో బలం ఉండదు, కొత్తది కొనండి. బాత్రూం కడిగే యాసిడ్ సీసా ఆ దరిదాపుల్లో ఉండకూడదు. ఆ రెండూ కలిస్తే వచ్చేది విషవాయువు. చివర్లో గుడ్డతో తుడవద్దు. ఒకే గుడ్డతో వంద కంచాలు తుడిస్తే కడిగిందంతా వృథా. ప్లాస్టిక్ క్రేటులో నిలువుగా పేర్చితే గాలికే ఆరిపోతాయి.

నీళ్ళ ఖర్చు గురించి ప్రిన్సిపాల్ గదిలో తప్పకుండా అడుగుతారు, 'స్టీలు కడగడానికి నీళ్ళు వృథా కాదా' అని. జవాబు దగ్గర పెట్టుకోండి. సబ్బు టబ్బు, రెండు జాడింపు టబ్బులు వంద కంచాలకి ఒకసారి మారుస్తే 500 కంచాలకి 750 లీటర్లు. నానబెట్టడానికీ, బ్లీచింగుకీ, రాగానే ఒకసారి కడగడానికీ కలిపి వెయ్యి. గ్లాసులకి ఇంకో మూడొందలు. అదే కొళాయి తిప్పి వదిలేసి కడిగితే, నిమిషానికి పది లీటర్లు వచ్చే కొళాయి కింద కంచానికి ఇరవై సెకన్లు వేసుకున్నా ఒక్క కంచాలకే 1,600 లీటర్లు దాటుతుంది. వృథా అంతా కొళాయిలో ఉంది, కంచంలో లేదు. వాడిన నీళ్ళు డ్రైనేజీలోకి పోయేచోట ఇనప జల్లెడ పెట్టండి, మెతుకులు ఆగిపోతాయి. వాన కాలవలోకి మాత్రం వదలొద్దు.

ఇప్పుడు ఈ సేవలో మనసుకి కష్టం కలిగించే భాగం. కడిగే ఆడవాళ్ళకి చాలాచోట్ల నేల మీదే చోటు, చేతికి గ్లవ్సు లేవు, సాయంత్రం ఆరుకి అని పిలిచి రాత్రి పదకొండుకి వదులుతారు, కూలి మేస్త్రీ చేతికి వెళ్ళి ఎంత దిగుతుందో తెలియదు. ప్లాస్టిక్ మానేశామని బ్యానరు కట్టుకుని, ఆ భారమంతా నలుగురు అక్కల నడుముల మీద వేస్తే అది నైతిక బాధ్యత చూసే పదవి అనిపించుకోదు. ఖర్చు పెద్దదేమీ కాదు. మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లవ్సు రెండు సైజుల్లో, అడుగు ఎత్తు పీటలు, లేదా టబ్బులు పెట్టడానికి బెంచీలు. బెంచీ మీద పెట్టి నిలబడి కడిగితే వేగమూ పెరుగుతుంది. నలుగురు ఉంటే గంటకి 250 కంచాలదాకా తేలతాయి. గంటల లెక్కన కూలి ముందే మాట్లాడుకుని, ఆ రాత్రే ఎవరి కూలి వాళ్ళ చేతిలో పెట్టాలి. వాళ్ళ భోజనం చివర్న మిగిలింది కాకుండా మొదటి బంతిలోనే పక్కకి తీసి పెట్టాలి. పని పదింటి తర్వాత అయితే ఇంటిదాకా ఆటో మన ఖర్చు. 14 ఏళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టడం చట్టరీత్యా నేరం. క్యాటరింగు బృందాల్లో గ్లాసులు ఏరే పనికి చిన్నపిల్లలు కనిపిస్తే అక్కడికక్కడే ఆపించే అధికారం ఈ పదవికి ఉండాలని సంఘం తీర్మానంలో రాయించుకోండి.

పోయే కంచాలు ఇంకో తలనొప్పి. ఎక్కువగా పోయేది దొంగతనంవల్ల కాదు, చెత్తడబ్బా వల్ల. నోరు వెడల్పుగా ఉన్న డ్రమ్ము కనిపిస్తే అలవాటుగా కంచంతో సహా వేసేస్తారు. మూతకి అరచెయ్యంత కన్నం కోసి పెడితే కంచం పట్టదు. తిన్న కంచాలు తెచ్చే చోటు ఒక్కటే ఉండాలి, గ్రౌండులోంచి బయటికి వెళ్ళే దారిలోనే ఉండాలి, ఇద్దరు వలంటీర్లు కదలకుండా నిలబడాలి. హాస్టలు ఉన్న కాలేజీల్లో రూములకి వెళ్ళిన కంచాలు మర్నాడు వస్తాయి, డిపాజిట్టు లెక్క ఆ రాత్రే ముగించకండి. దించుకునేటప్పుడు పదేసి చొప్పున లెక్కపెట్టి, కంచం వెనక కొట్టిన దుకాణం గుర్తు చూసి ఫొటో తీసుకోవాలి. పెళ్ళిళ్ళ మధ్య దొంతరలు కలిసిపోయి వేరే దుకాణం గుర్తున్నవి వస్తుంటాయి. తిరిగిచ్చేటప్పుడు 'ఇవి మావి కావు' అని వాటికి కూడా డబ్బు పట్టుకుంటారు.

స్టీలు కుదరని సందర్భాలూ ఉంటాయి, నీళ్ళు లేని గ్రౌండు, ఊరి బయట క్యాంపు. అప్పుడు వన్‌టౌన్ హోల్‌సేల్ దుకాణాల్లో దొరికేవాటిలో ఏది తీసుకోవాలి? కూర్చుని తినే బంతి అయితే అరిటాకే, రెండో మాట లేదు. కొస ఎడమచేతి వైపు ఉండేలా వేసి, నీళ్ళు చల్లి తుడిస్తే చాలు. నిలబడి తినే బఫేకి మాత్రం అది పనికిరాదు. ఆ తర్వాత అడ్డాకు విస్తరి. ఏజెన్సీలో గిరిజన కుటుంబాలు ఏరి, పుల్లలతో కుట్టే ఆకు. కొనేముందు తిరగేసి చూడండి. ఇప్పుడు మిషను మీద నొక్కిన విస్తర్లకి అడుగున ప్లాస్టిక్ పొర అంటించినవి వస్తున్నాయి, అవి విస్తరి పేరు పెట్టుకున్న ప్లాస్టికే. పోకమట్ట ప్లేటు గట్టిది, పులుసు ఆపుతుంది, జిగురు లేకుండా వేడి అచ్చులో నొక్కి చేస్తారు. వానాకాలం సరుకు అయితే నల్లటి బూజు చుక్కలుంటాయి, కట్ట విప్పి వాసన చూడండి. పోకలోని సహజ రసాయనాలు తిండిలోకి దిగవచ్చని 2025లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ ప్లేట్ల మీద అభ్యంతరం చెప్పింది. అందుకని రోజూ వాడే క్యాంటీనుకి మేం వీటిని సూచించం. చెరకు పిప్పి ప్లేట్లు తెల్లగా బావుంటాయి, కానీ కాలేజీ వెనక తవ్విన కంపోస్టు గుంటలో ముక్కలు చెయ్యకుండా వేస్తే నెలల తరబడి అలాగే ఉంటాయి.

అన్నిటికన్నా మోసపోయేది 'ఎకో' అని అచ్చేసిన పేపరు ప్లేటు, పేపరు కప్పు దగ్గర. పరీక్ష సులువు. ప్లేటు అంచు నుంచి నెమ్మదిగా ఏటవాలుగా చింపండి. కాగితం చిరిగిపోయినా ఒక పల్చటి పొర సాగుతూ వేళ్ళాడుతుందంటే అది ప్లాస్టిక్. వెండిరంగు ప్లేట్లలో మెరిసేది కూడా చాలావరకు అదే. కాగితం మిల్లు తీసుకోదు, మట్టి తినదు. కప్పుల సంగతి ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో తేల్చారు, వేడి నీళ్ళు పోసిన పేపరు కప్పులో 15 నిమిషాల్లో 100 మిల్లీలీటర్లకి 25,000 దాకా సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని. టీకి అద్దె గాజు గ్లాసులే మంచివి, వందకి ఐదు పగులుతాయని లెక్క వేసుకుని తీసుకోండి. కంపోస్టు అవుతుందని చెప్పే సంచుల మీద కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం నంబరు, కంపోస్టు అయ్యే ప్లాస్టిక్‌కి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 17088 ప్రస్తావన లేకపోతే ఆ మాట నమ్మక్కర్లేదు.

చట్టం వైపు నుంచి చేతిలో ఉండాల్సినవి రెండు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణ థర్మోకోలు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. కమిటీ సమావేశంలో ఎవరైనా 'ఈ ఒక్కసారికి' అన్నప్పుడు ఈ తేదీ చెప్పండి. రెండోది, 2016 ఘన వ్యర్థాల నియమాల్లోనే వచ్చింది, వంద మందికి మించిన కార్యక్రమం లైసెన్సు లేని చోట పెడితే మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకి తెలపాలి, చెత్త అక్కడే వేరుచెయ్యాలి. నగరపాలక సంస్థ శానిటరీ ఇన్‌స్పెక్టరుకి ముందుగా ఒక ఉత్తరం ఇస్తే తడి చెత్త బండి సాయంత్రానికి వస్తుంది. ఇవ్వకపోతే మర్నాడు పొద్దున దాకా ఎంగిలి డ్రమ్ములు గేటు దగ్గరే ఉంటాయి. మిగిలిన అన్నం పంచాలనుకుంటే న్యూస్‌పేపరులో పొట్లాలు కట్టొద్దు, తిండికి న్యూస్‌పేపరు చుట్టడాన్ని ఆహార భద్రత నిబంధనలు ఒప్పుకోవు. మూతలున్న స్టీలు బేసిన్లు కూడా టెంట్‌హౌస్‌లోనే దొరుకుతాయి.

ఖర్చు విషయంలో దాపరికం వద్దు. కంచం అద్దె ఒక్కటే చూపించి 'పేపరు ప్లేటు కన్నా చవక' అని బడ్జెట్టు పాసు చేయించుకుంటే చివర్లో కోశాధికారితో గొడవే. అద్దె, ట్రాలీ ఆటో రెండు ట్రిప్పులు, తిరిగొచ్చే డిపాజిట్టు, కడుగుడు కూలి, సబ్బు, గ్లవ్సు, పోయిన కంచాలకి కొంత, అన్నీ విడివిడిగా రాయండి. కూలి న్యాయంగా ఇస్తే పల్చటి పేపరు ప్లేటు కన్నా స్టీలు ఖర్చు ఎక్కువే అవుతుంది. పోకమట్ట, చెరకు పిప్పి ప్లేట్లతో పోల్చినప్పుడే దాదాపు సమానంగా తేలుతుంది. పెరిగిన ఖర్చు ఎక్కడికి పోయిందో కాగితం మీద కనిపిస్తుంది, అది కడిగినవాళ్ళ కూలి.

ఈ పదవి ఏడాదికోసారి చేతులు మారుతుంది, నేర్చుకున్నదంతా పాత కార్యదర్శి ఫోనులోనే ఉండిపోతుంది. ఒక వంద పేజీల నోటుబుక్కు పెట్టండి. ఏ తేదీకి ఎన్ని కంచాలు దిగాయి, ఎన్ని తిరిగి వెళ్ళాయి, ఎంతమంది తిన్నారు, ఎన్ని టబ్బులు మార్చారు, ఎవరు ఎన్ని గంటలు కడిగారు, ఎంత ఇచ్చారు. ఆ రాత్రి ట్రాలీ ఆటో కదిలేముందు దాని లైటు వెలుతురులో దొంతరలు పదేసి చొప్పున మళ్ళీ లెక్కపెట్టి, డ్రైవరు చేత సంతకం పెట్టించి, చీటీ ఆ పేజీకి అంటించండి.